కరువుకు వచ్చిన కొడుకు

తప్పిపోయిన కుమారుడి కథ మీద ప్రసంగం వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. లూకా సువార్త పదిహేనో అధ్యాయం. ఆస్తి పంచుకుని దూరదేశం పోయిన చిన్నకొడుకు, పందులు మేపుకోవడం, తిరిగిరాక, విందు, లోపలికి రానని అలిగి బయట నిలబడ్డ పెద్దకొడుకు. మా నెల్లూరు జిల్లా వెంకటాచలంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ, క్రిస్మస్ కూడికల్లో, ఉపవాస ప్రార్థనల్లో, దినకార్యాల్లో సైతం దీన్ని విన్నాను. పాస్టర్లు ఎక్కువసేపు ఆగేది దుబారా దగ్గర. తాగుడు, చెడు స్నేహాలు, ఇప్పుడైతే సెల్‌ఫోనూ ఆన్‌లైన్ పందేలూ. కుర్రకారును హెచ్చరించడానికి బాగా పనికొస్తాయి. ఆ తరువాత కుర్రవాడికి బుద్ధి రావడం దగ్గర గొంతు పెంచుతారు. ఈ రెంటి మధ్య ఉన్న ఒక సంగతిని మాత్రం గబగబా దాటేస్తారు. ఆ దేశంలో కరువు వచ్చింది.

కరువు రాకపోతే వాడు ఇంటికొచ్చేవాడా? కథలో వాడి లెక్క స్పష్టంగానే ఉంది. నాన్న దగ్గర కూలివాళ్లకు కూడా తిండి మిగులుతోంది, నేనిక్కడ ఆకలికి చస్తున్నాను. తండ్రి మనసు విరిచానన్న బాధ కంటే ముందు వాడికి గుర్తొచ్చింది అన్నం. ఇంటికి పోయి చెప్పవలసిన మాటలు కూడా ముందే కూడబలుక్కున్నాడు. పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకునే యోగ్యత లేదు, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తీరా వెళ్లాక మొదటి రెండు మాటలే బయటికొచ్చాయి. మూడోది నోట్లో ఉండగానే తండ్రి పనివాళ్లను కేకేసి మంచి బట్టలు తెమ్మన్నాడు. నాకు ఆ మూడో మాట మీదే దృష్టి. అంత చితికిపోయినవాడిలోనూ మిగిలిన గర్వం అందులో ఉంది. పనిచేసి తింటాను, ఊరికే తిననన్న రోషం. తండ్రి ఆ మాట చెప్పనివ్వలేదు. ఎందుకొచ్చావని అడగనూ లేదు.

కృప అనే దాన్ని నేను ఇంతకంటే దగ్గరగా ఎక్కడా చూడలేదు. అది అర్థం కావాలంటే ఈ జిల్లా చరిత్ర కొంత తెలియాలి.

వెంకటాచలం నుంచి తూర్పుగా కృష్ణపట్నం వైపు వెళ్తే బకింగ్‌హాం కాలువ తగులుతుంది. ఇప్పుడు జనం చూసేది పోర్టునీ, పోర్టుకు పోయే బొగ్గు లారీలనీ. కాలువను పట్టించుకునేవాళ్లు తక్కువ. 1876 నుంచి 78 దాకా నడిచిన ధాత కరువులో ఈ కాలువ పనే వేలమందికి కూలి పెట్టింది. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే ఆ కరువుకు 50 లక్షల మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. అంటే 450 గ్రాములు. మట్టి మోసేవాడికి! అదే సమయంలో, 1877 జనవరి 1న, విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపాడు. గర్వం అనే పాపానికి బొమ్మ గీయమంటే నేను ఆ రెండు దృశ్యాలనూ పక్కపక్కన గీస్తాను. కాలువకు మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. తవ్విన వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాకే అటు పోయింది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో అడుగుపెట్టింది 1840లో, శామ్యూల్ డేతో. పాతికేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు బహు కొద్దిమంది. ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న అదే మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ మరి నలుగురితో ఒంగోలు కొండెక్కి తెల్లవారుజామున ప్రార్థన చేసిన కథ ఇక్కడి క్రైస్తవులందరికీ తెలుసు. క్లౌ వచ్చింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది ఆ మరుసటేడు.

కరువు పని దగ్గర కూలీలు ఆగి సేదతీరుతుంటే తెలుగు బోధకులు వాళ్లతో మాట్లాడేవాళ్లు. చాలామంది మేం బాప్తిస్మం తీసుకుంటామన్నారు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపాడు. కూలి కోసం, గింజల కోసం అడుగుతున్నారేమోనని అనుమానం. ఆయన్ని తప్పుపట్టడం తేలిక. అమెరికాలో డబ్బు పంపేవాళ్లు ఏమనుకుంటారు, ఇక్కడి ఊరివాళ్లు ఏమంటారు అన్న భయాలు ఆయనకు ఉండే ఉంటాయి, అవి అర్థంలేనివీ కావు. అన్నం చూపించి మతం ఇవ్వకూడదన్న నిజాయితీ కూడా అందులో ఉంది. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ కొడుకు కథ పక్కన పెట్టి చూస్తే ఒక చిక్కు కనపడుతుంది. ఆ తండ్రి వాకిట్లో క్లౌ ఉండి ఉంటే, నాయనా, కరువు తీరాక రా, అప్పుడు కూడా నీకు ఇంటిమీద మనసుంటే చూద్దాం అనేవాడేమో.

1878 వేసవి ముగిసేసరికి సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు అని క్లౌ కబురు చేశాడు. అయినా జనం వచ్చారు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఆ మూడోతేదీన ఏటిలో దిగి ముంచింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరువులో పక్కనుండి కూలి మోసపోకుండా ఇప్పించినవాణ్ని, పేరుపెట్టి పిలిచినవాణ్ని వాళ్లు మరిచిపోలేదు. అన్నం పెట్టిన చేతిని నమ్మడం తక్కువరకం విశ్వాసం ఎలా అవుతుంది?

అయినా ఆ మాట పడుతూనే ఉంది. బియ్యం కోసం కలిశారు, పాలపొడి కోసం కలిశారు, గోధుమరవ్వ కోసం కలిశారు. తాతల తరం విన్నది, మా తరం విన్నది. అనేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లే ఉంటారనుకుంటే పొరపాటు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి, నెల్లూరు దగ్గర హైవేకే గండి పడి బళ్లు ఆగిపోయినప్పుడు, ఒక సంఘంలో భోజనం పొట్లాలు పంచారు. ఆ తరువాతి ఆదివారం కొత్త కుటుంబాలు కొన్ని ఆరాధనకు వచ్చి వెనక చాపల మీద కూర్చున్నాయి. ఆరాధన అయ్యాక ఒక పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా నలగకుండా, "వీళ్లంతా పొట్లాల కోసం వచ్చినోళ్లు లెండి, రెండు వారాలుంటారు" అన్నాడు. చెప్పులు వేసుకుంటున్న ఒక ముసలామె తలెత్తింది. "అన్నం కోసం వస్తే ఏందబ్బయా తప్పు? నువ్వు ఉద్యోగం కోసం రాలా? నీ కొడుకు వీసా కోసం ఉపాసాలు పెట్టించలా?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మా అమ్మ జబ్బు తగ్గుతుందన్న ఆశతోనే నేనూ మొదట ఆ గుమ్మం ఎక్కాను. అమ్మ దక్కలేదు. నేను ఉండిపోయాను.

ఏ అవసరమూ లేకుండా దేవుడి దగ్గరికి వచ్చేవాడు ఎవడైనా ఉన్నాడా? ఒకడికి అన్నం, ఒకడికి పరీక్ష, ఒకడికి చావు భయం, ఒకడికి రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని పాత తప్పు. ఉన్నవాడి అవసరానికి భక్తి అనీ, లేనివాడి అవసరానికి ఆశ అనీ పేర్లు పెట్టాం. పాపం గురించి పుస్తకాల్లో చాలా చదివాను. అగస్టీన్ మొదలుకుని పెద్దలందరూ గర్వమే మూలమన్నారు. ఆ గర్వం మనిషిలో ఎక్కడ పనిచేస్తుందని నన్నడిగితే, పక్కవాడు ఎందుకొచ్చాడో ఆరా తీసే చోట అంటాను. పెద్దకొడుకు కూడా అదే చేశాడు. ఇన్నేళ్లు నేను చాకిరీ చేశాను, నాకొక మేకపిల్లైనా ఇవ్వలేదు అని లెక్క తీశాడు. వాడి తప్పు చాకిరీ చేయడంలో లేదు. తమ్ముడి పేరెత్తడానికి కూడా ఇష్టపడక, నీ కొడుకు అన్నాడు చూడండి, అక్కడుంది.

గర్వం గురించి ప్రసంగించేటప్పుడు ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలన్నది ఇంకో మాట. 1939లో గిఫర్డ్ ఉపన్యాసాలిస్తూ అమెరికన్ వేదాంతి రైన్‌హోల్డ్ నీబర్ గర్వాన్నే ప్రధాన పాపంగా విశ్లేషించాడు. 1960లో వాలరీ సేవింగ్ అనే మహిళ ఒక వ్యాసం రాసి, ఇది మగవాళ్ల అనుభవం, ఆడవాళ్ల ఇబ్బంది గర్వం కాదు, తామంటూ ఒక మనిషిగా మిగలకుండా అరిగిపోవడం అంది. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు ఆడవాళ్లతో పాటు మాదిగవాడలు గుర్తొచ్చాయి. క్లౌ తన దగ్గర చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. చేరినవాళ్లు వీటిని పాటించడం మొదలుపెట్టగానే ఊరి పెద్దలకు కోపమొచ్చింది. పిలిస్తే రావడం లేదు, జాతరకు డప్పు కొట్టడం లేదు, వీళ్లకు పొగరెక్కింది అన్నారు. బావుల దగ్గర అడ్డుకున్నారు, పనులు ఆపేశారు. తరతరాలుగా తల వంచుకున్నవాడు తల ఎత్తితే ఊరికి అది గర్వంగా కనపడింది. అలాంటి వాడికి ఆదివారం నాడు మైకులో ఇంకా తగ్గించుకో, ఇంకా తగ్గించుకో అని చెబితే ఏం ఉపయోగం? వాడు వినవలసిన సువార్త తండ్రి పాత బట్టలు విప్పించి కొత్తవి తొడిగించాడన్నది.

అయితే నువ్వు పాపివి అన్న మాటలో ఒక విచిత్రమైన విముక్తి కూడా ఉంది. ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు, మా పెద్దవాళ్ల ప్రార్థనలు విని తెలుసుకున్నది. అంటరానివాడికి అప్పటిదాకా అందరూ చెప్పింది, నీ పుట్టుకే నీ పూర్వపాపానికి ఫలితం అని. లోపమంతా వాడి ఒక్కడిదే. మిషన్ బోధకుడు వచ్చి, కరణం పాపే, రెడ్డి పాపే, గవర్నరు పాపే, నేనూ పాపినే అన్నాడు. ఆ వరసలో నిలబడటం వాడికి అవమానంగా తోచలేదు. మొదటిసారి అందరితో సమానంగా నిలబడ్డాడు. 1866లో యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడయ్యాడు. చర్మాల వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందే రాజయోగం నేర్చుకుని గురువుల వెంట తిరిగినవాడు. అతని వెనక అతనివాళ్లు రాసాగారు. ఒంగోలులో అప్పటిదాకా క్లౌ బడికి పిల్లల్ని పంపుతున్న బ్రాహ్మణులు, వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. క్లౌ, ఆయన భార్య వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని ఒకే చోటు కనపడిందట. లోకం గొప్పవాళ్లనుకునేవాళ్లు మీలో ఎక్కువమంది లేరు గదా అని పౌలు అంటాడు, అక్కడ. క్లౌ మాదిగల్నే ఎంచుకున్నాడు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. మూడు సెంట్ల గుడి కట్టినవాడు కూడా ముందు ఊళ్లో పెద్దమనుషులను పిలిచే ఈ కాలంలో ఆ నిర్ణయం బరువు మనకు తెలియదు.

కృప ఈ నేలకు కొత్త సంగతేమీ కాదని కూడా చెప్పుకోవాలి. నెల్లూరు రంగనాయకులస్వామి గుడి సంప్రదాయంలో శరణాగతి మీద శతాబ్దాల వాదం ఉంది. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది, పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుపోతుంది. జీవుడు వీటిలో దేనిలాంటివాడు అని వడగలై, తెంగలై వైష్ణవులు విడిపోయారు. పౌలు పిల్లిపిల్ల పక్షం. మా ప్రసంగాలు చాలావరకు కోతిపిల్ల పక్షం: ఇంకా గట్టిగా పట్టుకో, ఇంకా ఉపవాసముండు, ఇంకా కానుక వేయి.

గాయపడిన గర్వం కథ కూడా ఒకటి మా దగ్గర ఉంది. మా మండలంలోనిదే సర్వేపల్లి. రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు ఆ ఊరిదే, పుట్టింది మాత్రం 1888లో తిరుత్తణిలో. ఆయన చదువు చాలావరకు మిషన్ బళ్లలో, చివరికి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో సాగింది. హిందూమతం మీద అక్కడ విన్న విమర్శ తనను కుంగదీసిందనీ, వివేకానందుడి వల్ల లేచిన గర్వం గాయపడిందనీ, ఆ గాయమే తనను వేదాంతంలోకి తోసిందనీ తరువాత రాసుకున్నారు. 1908లో వేదాంతంలో నీతికి చోటుందని ఎం.ఏ. వ్యాసం రాస్తే, గురువు ఏ.జి. హాగ్ దాన్ని మెచ్చుకున్నాడు. ఆ హాగ్ ఆ మరుసటేడే కర్మ గురించీ విమోచన గురించీ సొంత పుస్తకం వేశాడు. శిష్యుడితో ఏకీభవించలేదు, చిన్నచూపూ చూడలేదు. మిషనరీలలో అలాంటివాళ్లు తక్కువ. ఎదుటివాడి పాపాన్ని గుట్ట మీద నిలబడి చెప్పినవాళ్లే ఎక్కువ. ఆ కుర్రవాడి గర్వం గాయపడినందుకు నేను విచారించను, దానివల్ల లోకానికి ఒక తత్త్వవేత్త దొరికాడు. గాయపరచినవాళ్ల గర్వం గాయపడలేదే అని విచారిస్తాను.

ఇప్పటి సంగతికొస్తే, గర్వం మా సంఘాల్లోకి దొంగదారిన రావలసిన పనే లేదు. పైకి చూస్తే ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు. గోడమీద గ్రానైట్ పలక. హైవే పక్కన సభల ఫ్లెక్సీల్లో క్రీస్తు బొమ్మ తపాలా బిళ్లంత, దైవజనుల బొమ్మలు నిలువెత్తు. సాక్ష్యం చెప్పేవాళ్లలోనూ పోటీ ఉంటుంది. ఒకాయన తాగేవాణ్నంటే రెండో ఆయన తాగి కొట్టేవాణ్నంటాడు, మూడో ఆయన కత్తి తీస్తాడు. పాపాన్ని కూడా గొప్పగా చెప్పుకోగలమని నాకు అక్కడే తెలిసింది. 2,222 అనే అంకెను కూడా మేం అలాగే వాడుకుంటున్నాం, ఆ రోజు ఏట్లో దిగినవాళ్ల ఆకలి మాట ఎత్తకుండా. మాల సంఘం, మాదిగ సంఘం, పెద్ద కులాల క్రైస్తవుల సంఘం అని వేరువేరు గుడులూ, కొన్నిచోట్ల వేరువేరు సమాధుల దొడ్లూ ఉన్నాయి. ఏ అంతరాన్ని తప్పించుకోవడానికి తాతలు కరువులో నడిచొచ్చారో దాన్ని మనవలు సున్నం వేసి నిలబెట్టారు.

దళిత క్రైస్తవుల మీద ఇంకో నింద ఉంది, అది చట్టం తెచ్చిపెట్టింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. అందుకే గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్టులో ఒక పేరు ఉన్నవాళ్లున్నారు. అబద్ధమాడుతున్నారని వేలు చూపే క్రైస్తవ పెద్దలను చూశాను. అబద్ధమే. కానీ అదే పెద్దలు స్థలం రిజిస్ట్రేషనులో విలువ తగ్గించి రాయించినప్పుడు ఎవరూ సాక్ష్యం అడగరు. పాపాలను కూడా మనం ఆదాయాన్ని బట్టి తూస్తాం.

ఇంత చెప్పాక ఆశ ఎక్కడుందని అడగొచ్చు. మేం బాగుపడతామన్న నమ్మకం నాకు పెద్దగా లేదు. నా ఆశ ఆ కథలో ఇంకా ముగియని చోట ఉంది. తండ్రి చిన్నకొడుకు కోసం పరుగెత్తుకెళ్లాడు. పెద్దకొడుకు కోసం కూడా విందు వదిలి బయటికొచ్చాడు, బతిమాలాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. ఆకలితో వచ్చినవాడికీ, పొగరుతో బయట నిలబడ్డవాడికీ ఆ తండ్రి ఒక్కడే ఎదురువచ్చాడు. ఇద్దరిలో ఎవరూ ఆయన్ని వెతుక్కుంటూ రాలేదు. ఒకడు అన్నం కోసం వచ్చాడు, ఒకడు పొలం నుంచి అలసి వచ్చి పాటల చప్పుడు ఏమిటని పనివాణ్ని అడిగాడు. ఇద్దరికీ తలుపు తీసే ఉంది. గ్రానైట్ పలక వేయించుకున్న మా పెద్దమనిషికి కూడా తీసే ఉందని నమ్మక తప్పదు, నాకది కొంచెం కష్టమైనా.

మా సంఘంలో నెలకొక ఆదివారం ప్రేమవిందు ఉంటుంది. సాంబారు, అన్నం, వీలైతే కోడికూర. వడ్డన మొదలుకాకముందు బియ్యం ఎవరిచ్చారు, కోళ్లు ఎవరిచ్చారు అని మైకులో పేర్లు చదువుతారు. వెనక చాపల మీద కూర్చున్నవాళ్లు తలలు దించుకుని వింటారు. ఆ పేర్లు చదవడం ఆపేద్దామని పెద్దలకు చెప్పాను. దాతలు నొచ్చుకుంటారన్నారు, ఇంకా మాట్లాడుతున్నాం. మీ సంఘంలో కూడా ఆ పట్టీ చదివే అలవాటుంటే, ఒక్క నెల చదవకుండా వడ్డించమని అడిగి చూడండి.